ఆముదం గోలీ: తిండా, మందా?

(పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలు మాట్లాడండి. పనికొచ్చే మాట చెప్పండి. ఇంజినీరింగ్ ముచ్చట్లు మాత్రం వద్దు" అన్నారు. ఆయన మాట సగమే నిలబెట్టగలను. పనికొచ్చే మాటే చెప్తాను గానీ, అందులో కొంచెం లెక్క ఉంటుంది. భయపడకండి, ఐదో తరగతిలో మన సారు నేర్పిన గుణకారం, భాగహారం గుర్తుంటే చాలు.

విషయం ఆముదం.

చూశారా, నవ్వు వచ్చేసింది. ఆముదం పేరెత్తితే మనవాళ్లు నవ్వనైనా నవ్వుతారు, మొహమైనా చిట్లిస్తారు. "ఆముదం తాగిన మొహం" అన్న మాట ఊరికే పుట్టలేదు కదా. అయితే ఈ మధ్య ఆ మొహం పెట్టే అవసరం లేకుండానే ఆముదం మింగే మార్గం వచ్చింది. తేనె రంగులో మెత్తగా, నిగనిగలాడే గోలీలు. ప్లాస్టిక్ డబ్బాలో అరవయ్యో తొంభయ్యో ఉంటాయి. డబ్బా మీద ఆకుల బొమ్మ ఉంటుంది. కింద "ఫుడ్ సప్లిమెంట్", అంటే అనుబంధ ఆహారం అని రాసి ఉంటుంది. రోజుకు ఒకటో రెండో వేసుకుంటే కడుపు శుభ్రపడుతుందనీ, ఒంట్లో మలినాలు పోతాయనీ, జుట్టు పెరుగుతుందనీ, కీళ్ల నొప్పులు తగ్గుతాయనీ అమ్మేవాళ్లు చెప్తారు. మన వయసువాళ్లు కలిసిన చోటల్లా ఇప్పుడు చేతి సంచుల్లోంచి ఇలాంటి డబ్బాలు ఒకటి రెండు బయటికొస్తున్నాయి. అమెరికా నుంచి పిల్లలు పంపినవి కొన్ని, ఇక్కడ కొన్నవి కొన్ని.

నేను డాక్టర్ని కాను. నూనెల ఫ్యాక్టరీల్లో పనిచేసిన కెమికల్ ఇంజినీరుని. కాబట్టి ఎవరి జబ్బుకు ఏం వాడాలో చెప్పను. ఈ నూనె ఏమిటో, ఎంత వేస్తే ఏం చేస్తుందో, డబ్బా మీది ఆ "ఆహారం" అన్న మాట దానికి నప్పుతుందో లేదో, అంతవరకే చెప్తాను.

మన ఎర్ర చెలకల్లో ఆముదం చేను చూడకుండా పెరిగినవాళ్లు ఈ సభలో ఎవరూ ఉండరనుకుంటాను. తొలకరికి విత్తడం, దాసరి పురుగు ఆకులన్నీ తినేసి ఈనెలు మిగల్చడం, ముసురు పట్టిన ఏడు గెలలకు బూజు తెగులు రావడం, విడతలు విడతలుగా గెలలు కోసి కళ్లంలో ఎండబెట్టడం మనకు తెలుసు. పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన క్రాంతి, హరిత రకాల పేర్లు మన నాన్నల నోట విన్నాం. ప్రపంచంలో పండే ఆముదంలో నూటికి 80 పాళ్లకు పైగా మన దేశానిదే. అందులో గుజరాత్‌ది పెద్ద వాటా. వాణిజ్యపరంగా సాగుచేసిన తొలి హైబ్రిడ్ ఆముదం కూడా 1968లో అక్కడే వచ్చింది. మన వైపు రైతు నీళ్లు లేని చెలకలో, వాన మీద ఆధారపడి ఈ పంట తీశాడు.

ఇప్పుడు ఒక్కసారి మన పాత ఇళ్లు గుర్తు తెచ్చుకోండి. ఆముదం ఎక్కడెక్కడ ఉండేది? దీపపు సెమ్మెలో ఉండేది. బండి ఇరుసుకు కందెనగా ఉండేది. తలకు, మాడుకు పెట్టేవాళ్లు. కాలిన చోట, బెణికిన చోట రాసేవాళ్లు. కందిపప్పుకు పురుగు పట్టకుండా పట్టించి డబ్బాకెత్తేవాళ్లు, వండే ముందు కడిగేవాళ్లు. ఎప్పుడో ఒకసారి, కడుపు బిగిస్తే తాగించేవాళ్లు. మరి కూరలో? పోపులో? ఎక్కడా లేదు. వేరుశనగ నూనె, నువ్వుల నూనె, కుసుమ నూనె పొయ్యి దగ్గర ఉండేవి. ఆముదం సీసా గూట్లో వేరుగా ఉండేది. చేను నిండా పండించిన మనిషే దాన్ని వంటకు వాడలేదు. చదువుకోని మన అవ్వలకు రసాయన శాస్త్రం తెలియకపోయినా, ఏది తిండో ఏది మందో తెలుసు.

ఆ తేడాకు రసాయన శాస్త్రంలో కారణం ఉంది. మనం తినే నూనెల్లో ఉండే కొవ్వు ఆమ్లాలు పొడుగాటి కర్బన గొలుసులు. ఆముదంలో నూటికి 85 నుంచి 90 పాళ్లు ఒకే ఆమ్లం ఉంటుంది. దాని పేరు రిసినోలిక్ ఆమ్లం. 18 కర్బనాల గొలుసు. వేరుశనగ నూనెలో ఉండే ఓలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టమే. ఒకే ఒక్క తేడా, పన్నెండో కర్బనం దగ్గర ఒక హైడ్రాక్సిల్ సమూహం, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ అదనంగా అతుక్కుని ఉంటాయి. ఆ చిన్న కొక్కెం వల్లే ఆముదం అంత చిక్కగా, జిగటగా ఉంటుంది. పెట్రోలులో సులువుగా కలవదు. అందుకే మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లకు ఆముదమే కందెన. ఇంజను నుంచి చిమ్మే ఆ నూనె తుంపర్లు మింగి పైలట్లకు కడుపు కదిలేదని అప్పటివాళ్లు చెప్పుకున్నారు. ఈనాటికీ నైలాన్-11 అనే గట్టి ప్లాస్టిక్ ఆముదం నుంచే తయారవుతుంది. గ్రీజుల్లో, రంగుల్లో, లిప్‌స్టిక్కుల్లో కూడా వాడతారు. కనుక ఆముదాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. ఫ్యాక్టరీలో దానికున్న గౌరవం నాకు బాగా తెలుసు.

ఆ కొక్కెమే కడుపులో ఇంకో పని చేస్తుంది. ఆముదం తాగగానే చిన్న పేగులో జీర్ణరసాలు దాన్ని విడగొట్టి రిసినోలిక్ ఆమ్లాన్ని బయటికి తీస్తాయి. పేగు గోడ కండరాల మీద ఈపీ3 అని పిలిచే గ్రాహకాలు ఉంటాయి. ఈ ఆమ్లం వెళ్లి వాటిని మీట నొక్కినట్టు నొక్కుతుంది. కండరాలు ముడుచుకుంటాయి, పేగు కదులుతుంది. 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు ఎలుకల మీద ఈ సంగతి తేల్చారు. ఆ గ్రాహకం లేని ఎలుకల మీద ఆముదం విరేచనకారిగా పనిచేయలేదు. ఇంకో సంగతి, అదే గ్రాహకం గర్భసంచి కండరాల్లోనూ ఉంది. దాని గురించి మళ్లీ చెప్తాను.

అంటే ఆముదం కడుపుని "కడగడం" లేదు. పేగుని పనిలోకి తరుముతోంది. అది మందు చేసే పని. ఈజిప్టులో 3,500 ఏళ్ల కిందట రాసిన ఎబర్స్ పపైరస్‌లోనూ ఆముదం విరేచనాల మందే. మన ఆయుర్వేదంలో ఏరండ తైలం విరేచనానికి, వాత రోగాలకు వాడే ఔషధం. రోగిని చూసి, బలం చూసి, అనుపానం చెప్పి ఇస్తారు. దాన్ని రోజువారీ తిండిగా ఎవరూ చెప్పలేదు.

అసలు అనుబంధ ఆహారం అంటే ఏమిటి? తిండిలో ఒకటి తక్కువైతే దాన్ని నింపేది. విటమిన్ డి తక్కువైతే ఎముకలు మెత్తబడతాయి. ఇనుము తక్కువైతే రక్తం తగ్గుతుంది. బి12 తక్కువైతే నరాలు దెబ్బతింటాయి. మరి రిసినోలిక్ ఆమ్లం తక్కువైతే వచ్చే జబ్బు పేరేమిటి? అలాంటి జబ్బు లేదు. పుట్టినప్పటి నుంచీ ఒక్క చుక్క ఆముదం లోపలికి వెళ్లని మనిషికి కూడా దాని లోటు ఉండదు. లేని గుంతను పూడ్చడానికి మనం మట్టి కొంటున్నాం.

ఇక లెక్కకు వద్దాం. తమ్ముళ్లలో ఎవరికైనా ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే తీయండి.

విరేచనానికి పెద్దవాళ్లకు ఆముదం మోతాదు ఒక్కసారికి 15 నుంచి 60 మిల్లీలీటర్లు. ఒక మిల్లీలీటరు ఆముదం దాదాపు 0.96 గ్రాములు తూగుతుంది. అంటే అతి తక్కువ మోతాదు, 15 మిల్లీలీటర్లు, 14.4 గ్రాములు. గోలీ 500 మిల్లీగ్రాములదైతే, ఆ చిన్న మోతాదుకే దగ్గరదగ్గర 29 గోలీలు కావాలి. వెయ్యి మిల్లీగ్రాములదైతే 14, 15 కావాలి. డబ్బా మీద రాసిన ఒకటో రెండో గోలీలు మందు మోతాదులో పదిహేనో వంతో, ముప్ఫయ్యో వంతో అవుతాయి.

సరే, మందు లెక్కకు చాలదు, మరి తిండి లెక్కకు సరిపోతుందా? అదీ చూద్దాం. ఆముదం ఆహార పరిశ్రమలో అసలు లేకపోలేదు. బిళ్లలు, పిప్పరమెంట్లు అచ్చుకు అతుక్కోకుండా అణువంత పూస్తారు. అమెరికా నియమాల ప్రకారం గట్టి బిళ్లల్లో అది పది లక్షల పాళ్లలో 500 పాళ్లు మించకూడదు. అంటే కిలో బిళ్లల్లో 500 మిల్లీగ్రాములు. చాక్లెట్ కాగితం మీద 476 అని ఒక అంకె చూసే ఉంటారు. అది ఆముదపు ఆమ్లంతో చేసిన పదార్థమే, చాక్లెట్ పాకం పలచగా జారడానికి కొద్దిగా కలుపుతారు. ఇలా తిండిలో కలిసే ఆముదానికి ఒక హద్దు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 1979లో ఒక లెక్క కట్టింది. జీవితాంతం రోజూ లోపలికి వెళ్లినా పరవాలేదనుకునే పరిమాణం, మనిషి బరువులో కిలోకు 0.7 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషికి 49 మిల్లీగ్రాములు. మన గోలీలో ఉన్నది 500. పది రోజుల వాటా ఒక్క గుటకలో. కిలో బిళ్లల్లో ఉండదగిన ఆముదమంతా ఒక్క గోలీలో ఉంది.

ఆ హద్దు దాటగానే విషమైపోతుందని నేను అనడం లేదు. రోజూ, జీవితాంతం అన్న జాగ్రత్తతో కట్టిన లెక్క అది. కానీ రోజూ వేసుకోండి అని చెప్పే వస్తువుకు కొలబద్ద అదే కదా. ఆ కొలతకు ఈ గోలీ పది రెట్లు ఎక్కువ. మందు కొలతకు పదిహేను, ముప్ఫై రెట్లు తక్కువ. రెండు స్టేషన్ల మధ్య ఆగిపోయిన ప్యాసింజరు బండిలాగా అటూ ఇటూ కాకుండా నిలబడింది.

బరువు తగ్గుతారన్న మాట కూడా ఉంది. విరేచనాలైన మర్నాడు కాటా మీద కిలో తగ్గి కనిపిస్తుంది. అది నీళ్ల బరువు. రెండు చెంబుల నీళ్లు తాగితే తిరిగొస్తుంది. మలినాలంటారా, ఆ పనికి భగవంతుడు కాలేయాన్ని, మూత్రపిండాలను ఇచ్చాడు. అవి రాత్రింబగళ్లు అదే పనిలో ఉన్నాయి. జుట్టుకూ కీళ్లకూ ఆముదం గోలీలు మేలు చేస్తాయనడానికి నమ్మదగిన రుజువు లేదు.

"ఇంత హడావుడి ఎందుకు, తక్కువ మోతాదే కదా, పనిచేయకపోతే డబ్బులే కదా పోయేది" అని మీకు అనిపించొచ్చు. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న. వయసు 68. బీపీకి గోలీలు వాడతాడు, అందులో ఒకటి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే గోలీ. ఆయనకు మలబద్ధకం. ఎవరో చెప్తే వెయ్యి మిల్లీగ్రాముల ఆముదం గోలీల డబ్బా తెప్పించుకున్నాడు. రోజుకు రెండు వేసుకున్నాడు. రెండు గ్రాముల ఆముదంతో ఏమవుతుంది? ఏమీ కాలేదు. నాలుగు చేశాడు. తర్వాత ఆరు, ఎనిమిది. చివరికి రాత్రి పడుకునే ముందు పది. "అన్నా, ఇన్ని గోలీలు మింగుతున్నావు, డాక్టరుకు చెప్పినవా?" అని నేను అడిగితే, "అరె తమ్మీ, ఇది మందు కాదురా. తిండి. డబ్బా మీదనే రాసుంది, సదువుకున్నోనివి, నువ్వే సదువు" అన్నాడు. నిజంగానే రాసి ఉంది.

మూడు నాలుగు వారాలు రోజూ నీళ్ల విరేచనాలయ్యాయి. కడుపు శుభ్రపడుతోందని ఆయన సంతోషించాడు. తర్వాత కాళ్లు పీకడం, నీరసం, గుండె దడ మొదలయ్యాయి. ఒక తెల్లవారుజామున బాత్రూంలో పడిపోయాడు. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే పొటాషియం బాగా పడిపోయింది. డాక్టరు గారు, "ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగారు. అన్న బీపీ గోలీల పేర్లన్నీ పొల్లు పోకుండా చెప్పాడు. ఆముదం గోలీల మాట ఎత్తలేదు. దాచిపెట్టాలని కాదు. అడిగింది మందుల గురించి, ఆయన లెక్కలో అది మందు కాదు. రెండో రోజు వదిన ఇంటికెళ్లి, వంటింట్లో పచ్చడి జాడీ పక్కనున్న ఆ డబ్బా పట్టుకొచ్చి డాక్టరు గారి బల్ల మీద పెట్టింది. అప్పుడు లెక్క కుదిరింది. మూత్రం గోలీ ఒక వైపు నుంచి, విరేచనాలు ఇంకో వైపు నుంచి పొటాషియం తోడేశాయి. పొటాషియం ఎక్కించారు, మనిషి కోలుకున్నాడు. ఇంకో వారం ఆలస్యమైతే గుండె లయ తప్పేదేమో అన్నారు.

ఆ డబ్బా వంటింట్లో, పచ్చడి పక్కన ఎందుకుంది? మందుల డబ్బాలో ఎందుకు లేదు? "ఆహారం" అన్న ఒక్క మాట వల్ల. ఆ మాటే దాన్ని డాక్టరు కంటికి కనపడకుండా చేసింది. నాకు ఆముదం కంటే ఆ మాటంటేనే ఎక్కువ భయం.

ఆ మాట చట్టం ప్రకారమే అక్కడికి వచ్చింది. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం అనుబంధ ఆహారాన్ని అమ్మకానికి పెట్టే ముందు, అది పనిచేస్తుందని ప్రభుత్వానికి రుజువు చూపించనక్కర్లేదు. అదే ఆముదాన్ని సీసాలో పోసి విరేచనాల మందుగా అమ్మితే మోతాదు, హెచ్చరికలు, డాక్టరు చెప్తే తప్ప వారానికి మించి వాడొద్దన్న మాట ఉండాలి. ఒకే నూనె. సీసాలో ఉంటే హెచ్చరికలున్న మందు, గోలీలో ఉంటే తిండి. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో ఇలాంటి వాటికి నియమాలు తెచ్చింది. డబ్బా మీద "వైద్యానికి వాడేది కాదు" అన్న హెచ్చరిక ఉండాలని అందులో ఉంది. మనం ఆ ఒక్క లైను చదవం. కొనేదేమో వైద్యానికే.

ఇప్పుడు ఇంజినీరుగా ఒక మాట చెప్పనివ్వండి. ప్రతి బాయిలరుకు ఒక సేఫ్టీ వాల్వు ఉంటుంది. ఒత్తిడి హద్దు మీరితే అది తెరుచుకుంటుంది. ఆముదానికి కూడా ఒక సేఫ్టీ వాల్వు ఉంది. అదే దాని రుచి, ఆ జిగట, ఆ వాసన. అవ్వ గిన్నెలో పోసి ముక్కు పట్టుకుని తాగించిన మనిషి మర్నాడు మళ్లీ ఇవ్వమని అడగడు. సంవత్సరానికి ఒకసారంటేనే ఇల్లంతా పరుగెత్తేవాళ్లం. ఆ చేదు అనుభవమే దాన్ని రోజువారీ అలవాటు కాకుండా కాపాడింది. మెత్తని గోలీ ఆ వాల్వును బిగించేసింది. రెండు జిలాటిన్ పొరల మధ్య నూనె నింపి, అచ్చులు తిరుగుతుండగానే అంచులు అతికించే యంత్రాన్ని అమెరికాలో షెరర్ అనే ఆయన 1933లో తయారుచేశాడు. ఇంజినీరుగా దానికి దండం పెడతాను, అంత చక్కటి యంత్రం. కానీ పది గోలీలు మింగినా నాలుకకు తెలియకపోతే, చాలు అని చెప్పేదెవరు? ఇంకో సంగతి, జిలాటిన్‌ను పశువుల తోలు, ఎముకల నుంచి తీస్తారు. శాకాహారులు డబ్బా మీద చుక్క రంగు చూసుకోవాలి.

గోలీ అయినా, సీసా అయినా ఆముదం అసలు ముట్టకూడనివాళ్లు కొందరున్నారు. వాళ్ల సంగతి శ్రద్ధగా వినండి.

మొదట గర్భిణులు. ఇందాక చెప్పిన గ్రాహకం గర్భసంచిలోనూ ఉంది కదా. నెలలు నిండాక నొప్పులు రావడానికి ఆముదం పట్టే పాత పద్ధతి వెనకున్న కారణం అదే. నెలలు నిండకముందు అదే నొప్పి వస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఇంట్లో "ఆహారం" అని రాసిన డబ్బా ఉంటే కోడలో కూతురో తీసి వేసుకోవచ్చు.

రెండు, పసిపిల్లలు. మనలో సగం మందిమి తాతలం, అమ్మమ్మలం అయ్యాం. వంటాముదం పసిబిడ్డకు పట్టడం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఏడ్చే బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నూనె పోస్తే అది పొట్టలోకే పోతుందన్న నమ్మకం లేదు. ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నూనె అక్కడ చేరితే దగ్గు కూడా సరిగా రాదు, నిమోనియా వస్తుంది. పిల్లల డాక్టర్లు దక్షిణాదిలో చాలా కాలంగా చూస్తున్న జబ్బు అది. పెద్దవాళ్ల ప్రేమతోనే జరుగుతుంది. దయచేసి మాన్పించండి.

మూడు, కారణం తెలియని కడుపునొప్పి, వాంతులు ఉన్నవాళ్లు. అపెండిసైటిసో, పేగు అడ్డంకో అయితే పేగును తరిమే మందు ప్రాణం మీదికి తెస్తుంది.

నాలుగు, బీపీకి మూత్రం గోలీలు, గుండెకు డిగాక్సిన్ లాంటివి వాడేవాళ్లు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు. మా అన్న ఈ వరసలోవాడు. పేగు తొందరగా కదిలితే మిగతా మందులు కూడా ఒంటికి పట్టకుండానే బయటికి పోవచ్చు.

ఐదు, ఇంట్లో సొంతంగా ఆముదాలు దంచి వాడేవాళ్లు. గింజలో రిసిన్ అనే భయంకరమైన విషం ఉంది. 1978లో లండన్‌లో మార్కోవ్ అనే రచయితను చంపింది ఆవగింజ కంటే చిన్న గుండులో పెట్టిన ఆ విషమే అని తేల్చారు. అది నూనెలో కరగదు, పిప్పిలో ఉండిపోతుంది. పైగా వేడికి చెడుతుంది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో మరగబెట్టి, పైకి తేలిన నూనె తీసే మన వంటాముదం పద్ధతిలో ఉన్న తెలివి అది. ఆముదం పిండిని ఎరువుగా వేశామే తప్ప పశువుల గాబులో ఎందుకు కలపలేదో ఇప్పుడు అర్థమవుతుంది. కనుక గింజ జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. "ఆయుర్వేద గింజ" అని ఎవరు చెప్పినా సరే.

మరి మలబద్ధకానికి ఏం చేయాలి? జొన్నరొట్టె, ఆకుకూర, జామపండు, రెండు పూటలా నడక, తగినన్ని నీళ్లు. గుండె, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు నీళ్ల కొలత డాక్టర్ని అడిగి తాగాలి. అప్పటికీ కాకపోతే ఇసబ్గోల్ లాంటివి ఉన్నాయి, ఇంకా మెత్తగా పనిచేసే మందులున్నాయి. ఏది తగునో డాక్టరు చెప్తారు. ఇంకొక్క మాట. మనం యాభై దాటినవాళ్లం. ఇన్నేళ్లూ సరిగ్గా ఉన్న కడుపు కొత్తగా బిగిసినా, మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తం తక్కువుందని తేలినా, గోలీలతో సర్దుకోవద్దు. పెద్దపేగు క్యాన్సరు మొదట్లో ఇలాగే కనిపించొచ్చు. తొందరగా పట్టుకుంటే నయమయ్యే జబ్బు అది. దాన్ని రోజూ విరేచనాలతో కప్పిపెట్టి ఆరు నెలలు పోగొట్టుకున్నామంటే, ఆ ఆరు నెలలు ఏ డబ్బా తిరిగి ఇవ్వదు.

చివరగా మన సంఘానికి ఒక చిన్న కోరిక. మన సంఘం ఆరోగ్య శిబిరం పెట్టినప్పుడు పేరు, వయసు, బీపీ, షుగరు, వాడే మందులు అని ఒక కాగితం నింపుతాం కదా. అందులో "మందులు" కింద ఇంకొక గడి పెట్టించండి. "మందు అనుకోకుండా వేసుకుంటున్నవి" అని. ఆముదం గోలీలే కాదు, పొడులు, లేహ్యాలు, కషాయాలు, పిల్లలు విదేశాల నుంచి పంపిన డబ్బాలు, అన్నీ ఆ గడిలో రాయాలి. రాయడం బద్ధకమైతే సంచిలో వేసుకుని తెచ్చి డాక్టరు గారి ముందు కుమ్మరించండి. ఆ కాగితం అచ్చు వేయించే ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. మా వాళ్లు ఒప్పుకున్నారు, వెనక వరసలో తలలూపుతున్నారు కూడా.

మన నేల మీద పండిన ఆముదానికి అగౌరవం చేయవద్దు. దీపానికీ, యంత్రానికీ, జుట్టుకూ, అవసరమైన రోజున ఒక్కసారి మందుకూ అది మంచిదే. అన్నం పళ్లెం పక్కన మాత్రం దానికి చోటు వద్దు.